మిస్‌ఫైర్ అయితే అరగంట

కారు స్టార్ట్ చేయడానికి వాడకట్టు మొత్తాన్ని ఇళ్లల్లోకి తరిమిన మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. పోయిన వారం, ఆయన్ని సమాధి చేశాక పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడి, ఆయన మంచివాడు, జాగ్రత్త గల మనిషి, నా దుకాణానికి చాలా ఏళ్లు వచ్చాడు అని చెప్పి కూర్చున్నాను. ఆ మూడు ముక్కలూ నిజమే. కానీ ఆ మనిషి నన్ను ఎంత సతాయించాడో, ఎన్నిసార్లు నా నెత్తి తిన్నాడో కూడికలో చెప్పే సంగతి కాదు. ఇంకొకటి కూడా ఉంది, అది ఎక్కడా చెప్పలేక మింగి కూర్చున్నది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాది టేకులపల్లిలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు. బండ్లకు వైరింగు పని చేస్తాను. బొగ్గు లారీలకు లైట్లు, అడవి ఊళ్లకు తిరిగే జీపులకు హారన్లు, అందరికీ బ్యాటరీలు. ఆయన బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, షాట్ ఫైరర్‌గా చేసి రిటైరైనవాడు. నేల కింద బొగ్గు గోడకు బెజ్జాలు వేసి, వాటిలో పేలుడు మందు కూరి, వైరు దూరంగా లాక్కొచ్చి, చేతిలో ఉన్న పెట్టెకు తాళం తిప్పి పేల్చే పని అది. ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు, ఫైరింగాయన అనేవారు. మా నాన్నకు వరసకు అన్న కాబట్టి నేను పెద్దనాయనా అనేవాణ్ణి.

ఆయన నా షెడ్డులోకి తిన్నగా ఎప్పుడూ వచ్చేవాడు కాదు. ముందు బయట నిలబడి చేతికర్రతో పై రేకును మూడు చోట్ల టకటకా కొట్టేవాడు. తల వంచి, చెవి పైకి పెట్టి వినేవాడు. బాయిలో కప్పు గట్టిగా ఉందో లేదో అట్లా కొట్టి చూస్తారట. గట్టిగా మోగితే కిందికి పోవచ్చు, బోలుగా మోగితే పోకూడదు. నేల మీదికి వచ్చి ఏళ్లు గడిచినా ఆ అలవాటు పోలేదు. రేకు అన్నాక బోలుగా కాక ఇంకెట్లా మోగుతుంది?

"ఈ కప్పు బాగలేదు బిడ్డా. బోలు మోగుతాంది."

"అది రేకు పెద్దనాయనా. రేకు గట్లనే మోగుతది."

"బాయిల కింద పడ్డోడు గూడ గట్లనే అన్నడు," అని లోపలికొచ్చి, పైకి చూసి, అతుకు లేనిచోట వెతుక్కుని స్టూలు వేసుకునేవాడు.

నవ్వు రావాల్సిన చోట నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే ఆయన ఎప్పుడూ గిరాకీ మీద ఉన్నప్పుడే వచ్చేవాడు. వచ్చినవాడు ఊరికే ఉండడు. నేను వైరు కోస్తుంటే పక్కకొచ్చి వంగి చూసేవాడు. ఏ వైరు దేనికి పోతుందో చెప్పించుకునేవాడు. చెప్పిందే మళ్లీ చెప్పించుకునేవాడు. తొందరపడి నేను ఒక ఫ్యూజు కాల్చేస్తే, "తొందరున్నోని చేతికి పేలుడు మందియ్యద్దు," అని నాకు వినపడేట్టు గొణిగేవాడు. చాయ్ తెప్పిస్తే సగం తాగి సగం గ్లాసులోనే వదిలేసేవాడు. ఎందుకని అడిగితే, నిండా తాగితే మధ్యలో లేవాల్సి వస్తుంది, పనిలో ఉన్నవాడు మధ్యలో లేవకూడదు అనేవాడు. పనిలో ఉన్నది నేను, లేవాల్సిన అవసరం ఏమీ లేనివాడు ఆయన. అయినా ఆ మాట ఆయనకు ఎవరు చెప్పాలి!

రిటైరయ్యాక ఒక పాత తెల్ల కారు కొన్నాడు. షికార్లకు కాదు. పెద్దమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఖమ్మం పోయి రక్తం కడిగించుకోవాలి. ఆమె వంతు మధ్యాహ్నం రెండింటికి, అంటే ఇంటి దగ్గర పన్నెండింటికి బయలుదేరాలి. మా దిక్కు ఎండ సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి దాటిందంటే బొగ్గు నేల కాగడం మొదలవుతుంది. వాళ్ల ఇంటి ముందు నీడ లేదు. పన్నెండింటికి ఆ కారు తలుపు తీస్తే సెగ ముఖాన కొట్టేది. పెద్దమ్మ అందులో కూర్చోగానే కక్కుకునేది. రెండుసార్లు అట్లా అయ్యాక మూడోసారి మంచం దిగనంది.

"ఆ డబ్బల కూసోబెట్టి నన్ను ఉడకబెడ్తడు. తీస్కపోయి ఆడ రక్తం కడిగిస్తడట. ఉడికినంక కడుగుడేంది? నేను రాను," అంది.

ఆమె మాటలు అట్లాగే ఉండేవి. వినేవాళ్లు నవ్వారు, ఆయన నవ్వలేదు. రెండు మూడు వారాలు మానేస్తే మనిషి దక్కదని డాక్టరు ఆయనకు ముందే చెప్పి ఉన్నాడు. ఆ మాట నాకు ఒక్కసారే చెప్పాడు, అది కూడా స్టూలు మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పాడు. ఆ తర్వాత అడిగాడు.

"ఇంట్ల నుంచే కారు స్టార్ట్ గావాలె. ఏసీ నడవాలె. ఆమె గడప దాటే యాల్లకు కారు సల్లగుండాలె. సల్లగుంటే వస్తనంటాంది."

"నువ్వే పోయి స్టార్ట్ చేసి రారాదు పెద్దనాయనా? పది అడుగులు గూడ లేవు."

"ఆమె చెయ్యి ఇడిస్తే మళ్ల పండుకుంటది."

అది నిజమే. నేను తర్వాత కళ్లారా చూశాను. ఆమెను లేపి, చీర సర్ది, గడప దాకా నడిపించడానికి పావుగంట పట్టేది. అంతసేపూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఉండేది. ఆయన రెండు నిమిషాలు బయటికి పోయొస్తే గోడవైపు తిరిగి పడుకుని ఉండేది, ఇక ఎవరు బతిమాలినా లేచేది కాదు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఉన్నవి వాళ్లిద్దరి చేతులే.

అప్పటికి సెల్‌ఫోన్లు కూడా అందరికీ రాలేదు. దూరం నుంచి బటన్ ఒత్తితే కారు స్టార్ట్ అయ్యే కిట్టు ఉందని హైదరాబాదులో స్పేర్ పార్టుల దుకాణంలో విన్నాను గానీ, మా వైపు ఎవరికీ లేదు. దాన్ని మొదట బిగించేది నేనే అవుతానని నాకు లోపల ఉబలాటం. తెప్పించాను. డబ్బా నిండా వైర్లు, చీమల్లాంటి అక్షరాలతో ఒక కాగితం. రెండు రోజులు స్టీరింగు కింద తల పెట్టి పడుకుని బిగించాను. ఆయన రెండు రోజులూ పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు.

"గేర్ల ఉన్నప్పుడు ఒత్తితే ఏమైతది?" అని అడిగాడు.

"ఏమైతది, ముందుకు దుంకుతది."

"మరి?"

అందుకే కిట్టులో ఒక నల్ల వైరు ఉంది. గేరు రాడ్డు కింద చిన్న స్విచ్చు పెట్టి ఆ వైరు దానికి కలపాలి. గేరు తీసి ఉంటేనే స్విచ్చు నొక్కుకుంటుంది, అప్పుడే కారు స్టార్ట్ అవుతుంది. గేరులో ఉంటే బటన్ ఎంత ఒత్తినా పలకదు. ఇది ఆయనకు నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ గేరు వేయించి, తీయించి, ఒత్తి చూసుకున్నాడు. ఆ కారుకు హ్యాండ్ బ్రేకు సరిగ్గా పట్టదు, ఇంటి ముందు వాలు. అట్లాంటి చోట మా వైపు అందరూ కారును గేరులోనే వదిలి దిగుతారు. ఆయన మాత్రం ఆ రోజు నుంచి గేరు తీసేసి, చక్రాల కింద రాళ్లు పెట్టడం మొదలుపెట్టాడు.

రిమోటును ఒక నల్ల తాడుకు కట్టి మెడలో వేసుకున్నాడు. నేను ఏదైనా చూడాలన్నా చేతికిచ్చేవాడు కాదు. "తాళం చెయ్యి మారద్దు," అనేవాడు. మందు పేల్చే పెట్టె తాళం బాయిలో ఎవరి దగ్గర ఉంటుందో వాడి దగ్గరే ఉండాలట, పై ఆఫీసరు అడిగినా ఇవ్వకూడదట. బ్యాటరీ మార్చాలన్నా ఆయన మెడలో ఉండగానే, నేను ఆయన గుండెకు ముఖం ఆనించి మార్చాలి. ఆయన బనీను వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక ఒత్తడం ఒక తతంగం. ముందు ఇంటికి ఇటు మలుపులో ఒకరిని, అటు మలుపులో ఒకరిని కాపలా నిలబెట్టేవాడు. ఎదురింటి మనవరాలో, పక్కింటి ముసలమ్మో, ఎవరు దొరికితే వాళ్లు. "ఎవ్వర్ని రానియ్యకు," అని గట్టిగా చెప్పేవాడు. కోళ్లను తోలించేవాడు. కారు ముందు కుర్చీ ఉన్నా, చెంబు ఉన్నా వెనక్కి పెట్టించేవాడు. తర్వాత లోపలికి పోయి పెద్దమ్మను లేపి, ఒక చెయ్యి ఆమెకిచ్చి, కిటికీ దగ్గర నిలబడి, నోట్లో విజిల్ పెట్టుకుని మూడుసార్లు ఊదేవాడు. "ఫైరింగ్! ఫైరింగ్! ఫైరింగ్!" అని అరిచేవాడు. అప్పుడు ఒత్తేవాడు.

కారు బుర్రుమని స్టార్ట్ అయ్యేది, అంతే. బజారులో అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. పెద్దమ్మ మాత్రం, "నన్ను దవాఖానకు తీస్కపోతుండా, పేల్చెయ్యనీకి తీస్కపోతుండా?" అనేది. అంటూనే వచ్చి చల్లని సీట్లో కూర్చుని కళ్లు మూసుకునేది. "గిట్లుంటే ఖమ్మం ఏంది, ఢిల్లీ దాక వస్త," అని ఒకసారి నాతో అంది. ఆ మాటకు ఆయన అటు తిరిగి చక్రం కింది రాళ్లు తీయడం మొదలుపెట్టాడు.

మార్చిలో తంటా మొదలైంది. మా రోడ్డు మీద దుమ్ము మామూలు దుమ్ము కాదు, బొగ్గు కలిసిన దుమ్ము. అది గేరు రాడ్డు కిందికి పోయి స్విచ్చులో చేరింది. గేరు తీసే ఉన్నా స్విచ్చు సరిగ్గా నొక్కుకునేది కాదు. బటన్ ఒత్తినా కారు పలకదు. వేరే ఎవరైనా ఏం చేస్తారు? పోయి తాళంతో స్టార్ట్ చేసుకుంటారు. ఈయన చెయ్యడు. బాయిలో మందు పేలకపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటారు. మిస్‌ఫైర్ అయితే అరగంట దాకా దాని దగ్గరికి ఎవ్వరూ పోకూడదు. ఈయన కారు దగ్గరికి కూడా అరగంట పోయేవాడు కాదు, ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. చేతి గడియారం చూస్తూ కిటికీలో నిలబడేవాడు. రెండు మలుపుల్లో కాపలా ఉన్నవాళ్లు ఎండలో మాడేవాళ్లు. అరగంట పూర్తయ్యాక పోయి, గేరు చూసి, దిగి, మళ్లీ లోపలికొచ్చి, మళ్లీ విజిల్.

ఆ అరగంటకు ఖమ్మంలో వంతు పోయేది. ఒకరి వంతు పోతే ఇంకొకర్ని పడుకోబెడతారు. మొదటిసారి సాయంత్రం దాకా ఆగి చేయించుకున్నారు. రెండోసారీ అంతే. మూడోసారి ఖాళీ లేదని పంపేశారు. తిరిగొచ్చేసరికి పెద్దమ్మ కాళ్లు వాచి, నొక్కితే గుంట పడుతున్నాయి. ప్రతిసారీ మర్నాడు పొద్దున్నే ఆయన నా షెడ్డు ముందు రేకు కొట్టేవాడు. ప్రతిసారీ నేను స్విచ్చు విప్పి, దుమ్ము ఊది, పెట్రోలుతో కడిగి బిగించేవాణ్ణి.

ఏప్రిల్లో ఒకరోజు రెండు జీపులు విప్పి పెట్టుకుని ఉన్నాను. వాటిలో పెళ్లివాళ్లు పోవాలి, డ్రైవర్లు నెత్తి మీద నిలబడ్డారు. టకటకా రేకు మీద కర్ర.

"మళ్ల మిస్‌ఫైర్," అన్నాడు.

"పెద్దనాయనా, నీకు దండం పెడత. స్టార్ట్ గాకుంటే పోయి తాళం తోటి చేస్కో. అరగంట ఎందుకాగుతవు?"

"పేలింది సప్పుడు చేస్తది కొడుకా. పేలనిదే సంపుతది."

"అది కారు! బాంబు గాదు!" అని అరిచాను. డ్రైవర్లు నవ్వారు. ఆయన నిదానంగా, "నా తోటోడు ఇరవై నిమిషాలకు పోయిండు," అని మాత్రం అన్నాడు. ఇంకా పది నిమిషాలు ఆగాల్సిన మనిషి గురించి నాకు ఆ పూట వినే ఓపిక లేదు.

ఆయన్ని చాయ్ హోటలు దాకా పంపించి, ఆయన తెచ్చిన కారు కింద దూరాను. స్విచ్చును విప్పలేదు, కడగలేదు. నల్ల వైరును స్విచ్చు దగ్గర కోసి, తోలు తీసి, కారు బాడీకి ఒక స్క్రూ కింద బిగించేశాను. ఇక కిట్టుకు గేరు ఎప్పుడూ తీసి ఉన్నట్టే లెక్క. గేరులో ఉన్నా, లేకపోయినా ఒత్తితే స్టార్ట్ అవుతుంది. ఐదు నిమిషాల పని. ఏం చేస్తున్నానో నాకు బాగా తెలుసు. అంత జాగ్రత్త మనిషి, గేరు ఎట్లాగూ తీసే దిగుతాడు గదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ జాగ్రత్తనే ఇంతకుముందు పది మందిలో నవ్వులపాలు చేశాను.

"కొత్త స్విచ్ ఏసిన పెద్దనాయనా. ఇగ ఢోకా లేదు," అని చెప్పాను.

నెల మీద పది రోజులు నిజంగానే ఢోకా లేదు. ఒత్తడం, స్టార్ట్ కావడం. ఒక్క వంతు కూడా పోలేదు. పెద్దమ్మ కాళ్ల వాపు తీసింది. ఒకరోజు ఆయన మోదుగాకు దొన్నెలో మొర్రిపండ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "నీ స్విచ్ మంచిగ పని చేస్తాందిరా. నిన్ను ఊకె సతాయించిన," అన్నాడు. ఆయన నోట అట్లాంటి మాట అంతకుముందు వినలేదు. పండ్లు తిన్నాను. తియ్యగానే ఉన్నాయి.

మే నెలలో ఆ రోజు నేను అక్కడ లేను, వాడకట్టువాళ్లు చెప్పిందే చెబుతున్నాను. అంతకుముందు ఖమ్మం నుంచి తిరిగొచ్చినప్పుడు పెద్దమ్మకు కళ్లు తిరిగాయట. ఆయన కంగారులో ఇంజను ఆపి, రాళ్లు పెట్టకుండా కారును గేరులోనే వదిలేసి, ఆమెను ఎత్తుకుని లోపలికి పరుగెత్తాడు. గేరు సంగతి మళ్లీ గుర్తు రాలేదు. మళ్లీ పోవాల్సిన రోజు కరెంటు లేదు. లోపల ఉక్క భరించలేక పెద్దమ్మ బయటికొచ్చి, నీళ్ల గోలెం పక్కన, గోడ నీడలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. అక్కడ కాస్త చల్లగా ఉందని, అక్కణ్ణుంచి లేవనని మొండికేసింది. ఆయన వినలేదు. ఆమె తిడుతుంటే, కుర్చీతో సహా పక్కింటివాళ్ల సాయంతో ఎత్తించి వరండాలోకి మార్పించాడు. కాపలా పెట్టాడు. మూడు విజిళ్లు, మూడు కేకలు. ఒత్తాడు.

కారు ఎగిరి దూకి గోలేన్ని పగలగొట్టి గోడను గుద్ది ఆగింది. గోలెంలో నీళ్లన్నీ వరండా మెట్ల దాకా వచ్చాయి. కుర్చీ అంతకుముందు ఉన్నచోట ఇటుకలు పడ్డాయి.

మర్నాడు పొద్దున ఆయన నడిచి వచ్చాడు. రేకు కొట్టలేదు. తిన్నగా లోపలికొచ్చి, ఎక్కడంటే అక్కడ నిలబడ్డాడు. నల్ల తాడు మెడలో లేదు, చేతిలో ఉంది.

"నువ్వు స్విచ్ ఏసినవ్ గద బిడ్డా. గేర్ల ఉంటే స్టార్ట్ గాదంటివి."

నిందించడానికి అడగలేదు. రెండు రోజులు పక్కన కూర్చుని ఏ వైరు ఎటు పోతుందో అడిగినట్టే అడిగాడు. చెబితే ఏమవుతుంది? ఊరంతా తెలుస్తుంది. నా దుకాణానికి ఇక ఎవరొస్తారు? అంతకంటే ఆయన ముఖం చూడలేను.

"స్విచ్ అన్నంక ఎప్పుడో ఒకసారి మోసం చేస్తది పెద్దనాయనా. గేరు మనం చూస్కోవాలె గద," అన్నాను.

ఆయన చేతిలోని తాడు వైపు చూశాడు.

"అవ్," అన్నాడు. "గేరు నేనే చూస్కోలే. తప్పు నాదే." తాడు నా బల్ల మీద పెట్టాడు. "తప్పు ఒత్తినోని చేతిల తాళం ఉండద్దు. నువ్వు పెట్టుకో. కారు గూడ ఇగ నేను నడప."

చెయ్యి మారకూడని తాళం నా చేతికొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట కలిగింది ఊరట. పీడ విరగడైంది, ఇక రేకు మీద కర్ర చప్పుడు ఉండదు అనుకున్నాను. బంపరు బాగుచేయడానికి కారు నా షెడ్డుకు తెచ్చినప్పుడు కిట్టు మొత్తం పీకేశాను. ముందుగా పీకింది స్క్రూ కింది నల్ల వైరు.

ఆ తర్వాత ఆయన ఆ కారును ఇంకొకరి చేతికీ ఇవ్వలేదు, రెండుసార్లు పెద్దమ్మను కిరాయి జీపులో తీసుకుపోయాడు. మే ఎండలో, పది మందితో కలిసి. రెండోసారి దారిలో స్పృహ తప్పింది. మూడోసారి ఆమె లేవలేదు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. నాకు నిద్ర పట్టలేదు. కొత్త స్విచ్చు ఒకటి జేబులో వేసుకుని వాళ్లింటికి పోయాను.

"పెద్దనాయనా, కిట్టు మళ్ల పెడత. ఈసారి గట్టి స్విచ్ తెచ్చిన, దుమ్ము పోదు."

"స్విచ్ ది ఏం లేదు బిడ్డా. చెయ్యి ది."

"చెయ్యికి ఏమైంది? మంచిగనే ఉన్నది గద!"

"ముప్పై ఏండ్ల ఒక్కసారి తప్పలే. ఇప్పుడు తప్పింది. తప్పిన చెయ్యి మళ్ల తప్పుతది. ఈసారి కుర్చీ జరుపుడు గూడ మర్చిపోత."

నాకు కోపం నషాళానికి అంటింది. ఆమె చచ్చిపోతుంటే ఇదేం మొండితనం అని అరిచాను. ముసలితనంలో బుద్ధి పోయిందన్నాను. అనకూడనివి చాలా అన్నాను. అనాల్సింది ఒక్కటే వాక్యం, దాన్ని తప్ప అన్నీ అన్నాను. లోపలి నుంచి పెద్దమ్మ గొంతు వచ్చింది, చాలా సన్నగా.

"ఎందుకురా గంత లొల్లి? ఆయన చెయ్యి తప్పలేదని నువ్వన్న చెప్పు. నేను చెప్తే ఇంటలేడు. నువ్వు చెప్తే ఇంటడు."

గడపలో నిలబడ్డాను. ఆయన నా వైపు చూశాడు. జేబులో స్విచ్చు గట్టిగా పట్టుకున్నాను. "మళ్ల వస్త పెద్దమ్మా," అని వచ్చేశాను.

తొలకరి పడకముందే ఆమె పోయింది.

ఆయన ఆ తర్వాత నాలుగేళ్లు ఉన్నాడు. కారు అమ్మేశాడు. అయినా నా షెడ్డుకు వస్తూనే ఉన్నాడు, ఏ పనీ లేకపోయినా. స్టూలు వేసుకునేవాడు, సగం చాయ్ తాగేవాడు. నేను తొందరపడితే ఇప్పుడు గొణిగేవాడు కాదు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది. ఎన్ని పొద్దుటి పూటలు, ఎన్ని వానలు మేమిద్దరమే ఆ రేకు కింద కూర్చున్నామో! చెప్పడానికి అడ్డం ఎవరూ లేరు. ఒక్కోరోజు ఆయన మీద కసురుకునేవాణ్ణి, ఎందుకొస్తావు పనిపాటా లేకుండా అని కూడా అన్నాను. నిజానికి నోరు తెరిచినప్పుడల్లా నాకు ఒక ఆదివారం అడ్డొచ్చేది.

పెద్దమ్మను సమాధి చేసిన తర్వాత వచ్చిన ఆదివారం అది. ఆరాధన అయ్యాక, ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లు ఉంటే లేవండి అన్నారు పాస్టరుగారు. మా సంఘంలో మామూలుగా జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు లేస్తారు. ఆ రోజు ఆయన లేచాడు. మగవాళ్ల వరసలో మధ్య నుంచి, చేతికర్ర బెంచీకి ఆనించి, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

"నా భార్య దేవుని పిలుపు తోటి పోలేదు," అన్నాడు. "నా చేతి తప్పు తోటి పోయింది. గేరు నేను చూస్కోలే. ఆమె కుర్చీ జరపకపోతే ఆనాడే పోయేది. ఆ భయానికి నేను కారు ఇడిసిపెట్టిన, కారు లేక ఆమె పోయింది. కొందరు ఆ వైరింగు చేసిన పిలగాని మీద మాట అంటున్నరట. వాని తప్పు ఏం లేదు. వాడు మంచిగ చేసిచ్చిండు, నాలుగుసార్లు చెప్పిండు గూడ. వాన్ని ఎవ్వరేం అనద్దు. నా తప్పు నేను సంఘం ముందట ఒప్పుకుంటున్న. ప్రభువు నన్ను క్షమించును గాక."

ఆయన కూర్చున్నాడు. ఎవరో వెక్కారు. పాస్టరుగారు చెయ్యెత్తారు. మందిరంలో అందరూ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, నా పక్కవాళ్ల కంటే కొంచెం గట్టిగానే అన్నాను.